సంయుక్త రూప నిర్వచనము: వెబ్ సేవా వర్ణనలపై ఒక విమర్శ

1. ప్రస్తావన

ఒక యంత్రము మరియొక యంత్రమును సమాచారమడిగినపుడు ఆ ప్రశ్న ఏ రూపమున నుండవలెనో, వచ్చు సమాధానము ఏ రూపమున నుండునో ముందుగా వ్రాసి యుంచిన ఒప్పంద పత్రమునకు వెబ్ సేవా వర్ణనమని పేరు. బ్యాంకులో ఖాతా తెరచునపుడును, బీమా పత్రము తీసికొనునపుడును, బిడ్డను పాఠశాలలో చేర్చునపుడును మనుష్యుడు నింపిన వివరములు ఒక్క కార్యాలయముతో నాగిపోవు. అవి ఒక వ్యవస్థనుండి మరియొక వ్యవస్థకు పయనించుచుండును. పూర్వము బల్లకావల గూర్చున్న గుమాస్తా, పత్రములోని గడి చాలకపోయినచో అంచున నొక మాట వ్రాసికొనెడివాడు. ఇంటిపేరేది, పెట్టిన పేరేది యని అడిగి తెలిసికొనెడివాడు. యంత్రమున కా వెసులుబాటు లేదు. వర్ణనలో చోటు దొరకని విషయము దాని దృష్టిలో లేని విషయమే.

ఇది యంత్రకారుల సంగతి, సమాజ సంచికలో దీనికి తావేల యని కొందరడుగవచ్చును. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము, యానాము మొదలైన తావులలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధము కలదు. ఆ కుటుంబముల పేళ్లు ఒక రీతివి, రాష్ట్రపు వాడుక మరియొక రీతిది. ఇంట నొక భాష, బడిలో నొక భాష, కచేరిలో నింకొక భాష. ఇట్టి జీవితమును ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మాటగా కుదించినచో కొంత జారిపోవుట తప్పదు. జారిపోవున దేది, నిలుచున దేది యను తీర్పు జరుగు చోటే సంయుక్త రూప నిర్వచనము. కావున ఆ నిర్వచనమును లక్షణ గ్రంథమును పరీక్షించినట్లు పరీక్షించుట ఈ వ్యాసము పని.

2. గ్రంథ పరిచయము

ఎక్స్.ఎమ్.ఎల్. అను గుర్తుల భాష 1998 ఫిబ్రవరి 10వ తేదీన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమ్ వారి ఆమోదము పొందెను. ఆ భాషలో వ్రాసిన పత్రముల కట్టుబాట్లను నిర్ణయించు ఎక్స్.ఎమ్.ఎల్. స్కీమా 2001 మే 2వ తేదీన ఆమోదింపబడెను. సేవలను వర్ణించు డబ్ల్యు.ఎస్.డి.ఎల్. యొక్క 1.1 పాఠము అంతకుముందే, 2001 మార్చి 15వ తేదీన, ఒక సూచన పత్రముగా వెలువడెను. దానిని సమర్పించినవి అరిబా, ఐబీఎమ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు. అనగా వర్ణన గ్రంథము తాను ఆధారపడిన రూపశాస్త్రము కంటె సుమారు ఏడు వారములు ముందుగా పుట్టినది. అందలి ఉదాహరణలు స్కీమా యొక్క తుది పాఠమును గాక 2000 సంవత్సరపు ముసాయిదాను పేర్కొనుటకు కారణ మిదియే. 2007 జూన్ 26వ తేదీన ఆమోదము పొందిన 2.0 పాఠము కొన్ని చిక్కులను విప్పినది గాని, వాడుకలో 1.1 పాఠమే ఎక్కువగా నిలిచినది.

1.1 పాఠము ప్రకారము వర్ణనలోని ముఖ్యాంగములలో ఇవి కలవు: టైప్స్, మెసేజ్, పోర్ట్‌టైప్, బైండింగ్, సర్వీస్. సేవ యెచ్చట దొరకునో, ఏ మార్గమున సందేశము పోవునో, ఏ పనులు జరుగునో చివరి మూడంగములు చెప్పును. పంపబడు వస్తువు స్వరూపము మొదటి అంగమైన టైప్స్‌లో నుండును. ఆ అంగమునకు గ్రంథకర్తలు తమ భాషను కల్పింపక, స్కీమాకే ఆ భారము నప్పగించిరి. ఇది మంచి పని. ఒకే శాస్త్రమును రెండుచోట్ల రెండు విధములుగా చెప్పు గందరగోళము తప్పినది. అయినను మరియొక చోట ఆ గందరగోళము ప్రవేశించినది. సందేశమును స్కీమాలో చెప్పినట్లే పంపుట యొక పద్ధతి, సోప్ గ్రంథములోని సంకేత నియమముల ననుసరించి మార్చి పంపుట మరియొక పద్ధతి అని 1.1 పాఠము రెంటిని అంగీకరించెను. ఒకే నిర్వచనమునకు రెండు పాఠములు పుట్టి, ఒక సంస్థ యంత్రము వ్రాసినది మరియొక సంస్థ యంత్రమునకు బోధపడని దుస్థితి యేర్పడెను. 2004లో వెబ్ సేవల పరస్పర సంగతికై యేర్పడిన సంస్థ ప్రకటించిన బేసిక్ ప్రొఫైల్ రెండవ పద్ధతిని నిషేధించి, స్కీమాలో నున్నదే ప్రమాణమని తేల్చెను. ఆ తీర్పుతో నిర్వచనము యొక్క ప్రాధాన్యము స్థిరపడినది.

3. లక్షణ స్వరూపము

స్కీమాలో రూపములు రెండు జాతులు. తనలో మరియొక అంశము గాని, తనకొక గుణము గాని లేక, కేవలము అక్షరములో అంకెలో గల రూపము సరళము. తనలో ఇతరాంశములను ఇముడ్చుకొన్నది గాని, తనకొక గుణమును తగిలించుకొన్నది గాని సంయుక్తము. వయస్సు సరళము, చిరునామా సంయుక్తము. పేరు సరళమా, సంయుక్తమా యన్నది ముందు విచారింపవలసిన వివాదము.

సంయుక్త రూపమును కట్టుటకు స్కీమా మూడు సాధనముల నిచ్చును. సీక్వెన్స్ అనగా నియత క్రమము. ఛాయిస్ అనగా వికల్పము. ఆల్ అనగా క్రమనియమము లేని సముదాయము. ఎన్ని పర్యాయములు రావచ్చునో చెప్పుటకు మిన్‌ఆకర్స్, మాక్స్‌ఆకర్స్ అను రెండు పరిమితులు కలవు.

ఛందస్సు తెలిసినవారికి ఇవి కొత్త కావు. తేటగీతి పాదమునందు ఒక సూర్యగణము, రెండింద్రగణములు, రెండు సూర్యగణములు వరుసగా నుండవలెను. ఇది సీక్వెన్స్. సూర్యగణ మనగా నగణమైన నగును, గలమైన నగును. ఇది ఛాయిస్. ఇంద్రగణము నల, నగ, సల, భ, ర, త అను ఆరింటిలో నేదైన నొకటి. ఇదియు ఛాయిస్. పద్యమున పాదములు నాలుగే యగుటచే కనిష్ఠము నాలుగు, గరిష్ఠము నాలుగు. సూర్యగణ మను రూపము నొకసారి నిర్వచించి పేరు పెట్టినచో పాదములో మూడుచోట్ల దానినే వాడవచ్చును; ఆటవెలదికిని దానినే యెరువు తెచ్చుకొనవచ్చును. పేరు గల రూపమునకును, పేరులేక ఒకే చోట నణగియుండు రూపమునకును గల భేద మిదియే. చిరునామా యను రూపమును పేరుతో నిర్వచించినవాడు స్థిర నివాసమునకును, తాత్కాలిక నివాసమునకును దానిని వాడును. పేరు లేకుండ వ్రాసినవాడు రెండు సారులు వ్రాసి, రెండవసారి ఒక గడి మరచును.

4. శాస్త్రము యొక్క గుణదోషములు

ఛందస్సుతో పోల్చుట వలన స్కీమా యొక్క బలము వలెనే బలహీనతయు బయటపడును.

మొదటి దోషము: ముందు చూపు లేకుండుట. నల, నగ అను రెండు గణములును మూడు లఘువులతోనే మొదలగును. నాలుగవ అక్షరము చూచినగాని ఏ గణమో తేలదు. గణవిభజన చేయు విద్యార్థి ముందునకు చూచి నిర్ణయించుకొనును. స్కీమా దీని నొప్పుకొనదు. వచ్చిన ప్రతి అంశము నిర్వచనములో దేనికి చెందునో, తరువాతి అంశమును చూడకుండనే తేలిపోవలెనని దాని శాసనము. కావున ఇంద్రగణ లక్షణమును గురులఘువులతో ఉన్నదున్నట్లు వ్రాసినచో స్కీమా దానిని దోషమని త్రోసివేయును. సమాన భాగమును ముందునకు తీసి తిరుగ వ్రాయవలెను. సూర్యగణమున కీ చిక్కు లేదు. నగణము లఘువుతోను, గలము గురువుతోను మొదలగును గదా. జేమ్స్ క్లార్క్, మురాతా మకోతో అను విద్వాంసులు 2001లో వెలువరించిన రిలాక్స్ ఎన్.జి. అను ప్రత్యామ్నాయ శాస్త్రమున ఈ నిర్బంధము లేదు. శాస్త్రదృష్టితో చూచిన అదియే సరళము. అయినను వెబ్ సేవా వర్ణనల లోకము స్కీమానే పట్టుకొన్నది.

రెండవ దోషము: అంశముల పరస్పర సంబంధమును చెప్పలేకపోవుట. తేటగీతిలో మొదటి గణము మొదటి అక్షరమునకును, నాలుగవ గణము మొదటి అక్షరమునకును యతి చెల్లవలెను. లేదా ప్రాసయతి యుండవలెను. గణములు సరిపోయి యతి తప్పిన పాదమును స్కీమా 1.0 నిర్దోషమనియే చెప్పును. జన్మదినము కంటె మరణదినము ముందున్న పత్రమునుకూడ అది యట్లే అంగీకరించును. 2012 ఏప్రిల్ 5వ తేదీన ఆమోదము పొందిన స్కీమా 1.1 పాఠమున అసర్ట్ అను షరతు చేరుటచే ఈ లోపము చాలవరకు తీరినది. పాత పనిముట్లు మాత్రము పాత పాఠమునే యెరుగును.

మూడవ దోషము: విస్తరణము చివరనే జరుగుట. ఒక రూపమును ఆధారము చేసికొని మరియొక రూపమును కట్టునపుడు కొత్త అంశములు పాత అంశముల వెనుకనే చేరును. ముందు చేర్చుటకు గాని, నడుమ చొప్పించుటకు గాని మార్గము లేదు. ఇంటిపేరు ముందుండు జాతికి ఈ నియమ మెట్లు వర్తించునో చెప్పనక్కరలేదు.

ఇక గుణములు. రూపమునకు స్పష్టమైన పేరు, అవధి, సంఖ్యానియమము, ప్రతి అంశమునకు నామక్షేత్రము, తప్పును పంపకముందే పట్టుకొను శక్తి, ఇవి సామాన్యములు కావు. ఒక పత్రమును ఇరువురు చూచి ఒకే తీర్పు చెప్పగలుగుట పెద్ద సంగతి. అంశముల పేళ్లకు రోమను లిపియే కావలెనను నిర్బంధమును ఎక్స్.ఎమ్.ఎల్. ఆది నుండియు పెట్టలేదు. తెలుగు లిపిలో పేరు పెట్టిన అంశము శాస్త్రసమ్మతమే. ఈ స్వేచ్ఛను వాడుకొన్న వర్ణనలు మిక్కిలి అరుదు. దోషము శాస్త్రముది కాదు.

5. పేరను సంయుక్తము

వర్ణనలలో తరచుగా కనబడు నిర్వచనము ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అను మూడంశముల క్రమము. మొదటిదియు చివరిదియు తప్పనిసరి, నడిమిది ఐచ్ఛికము. ఈ నిర్వచనమున మౌలికమైన దోష మొకటి కలదు. అంశములకు పెట్టిన పేళ్లు వాటి జాతిని గాక స్థానమును చెప్పుచున్నవి. ఏది మొదట వచ్చునో చెప్పినది గాని, ఆ వచ్చినది వంశనామమా, వ్యక్తినామమా యన్నది చెప్పలేదు. ఆంగ్ల వాడుకలో స్థానమును జాతియు నొకటే యగుటచే నిర్వచించినవానికి భేదము స్ఫురింపలేదు.

భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన వరాహగిరి వేంకట గిరి 1894లో బరంపురమున జన్మించెను. ఆ పట్టణము నేడు ఒడిశాలోనిది. వారి పేరు లోకమున వి.వి. గిరి యని ప్రసిద్ధము. ఆ రెండు 'వి' లలో మొదటిది ఇంటిపేరు, రెండవది పెట్టిన పేరులోని భాగము. ఒకే అక్షరము, రెండు జాతులు. పై నిర్వచనములో దీనిని నింపినచో వరాహగిరి ఫస్ట్ నేమ్ అగును, గిరి వంశనామమగును. రెండును తప్పు. 1888లో తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరున 'ఎస్' అను పొడి అక్షరము ఇంటిపేరునకు గుర్తు. అదే తమిళనాట నేటి వాడుకలో పొడి అక్షరము సాధారణముగా తండ్రి పేరునకు గుర్తు. అనగా తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబమున తాతగారి పొడి అక్షరము ఇంటిపేరు, మనుమని పొడి అక్షరము తండ్రి పేరు కావచ్చును. మహారాష్ట్రమున వాడుక వ్యక్తినామము, తండ్రి లేదా భర్త పేరు, వంశనామము అను క్రమము. షోలాపురపు తెలుగువారి ఇంటిపేరు అందుచే ముందునుండి చివరకు జరుగును. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండిన యానామున పౌర నమోదుల సంప్రదాయము వేరు. అది వంశనామమును, వ్యక్తినామమును విడదీసి చూచును. ఒకే ఇంటిపేరు గల బంధువులు నాలుగు రాష్ట్రములలో నాలుగు విధములుగా నమోదై యుండుట ఇందుచేతనే.

ఈ చిక్కునకు రెండు పక్షముల సమాధానములు కలవు.

మొదటి పక్షము: పేరును విడదీయనే కూడదు, ఒకే సరళ రూపముగా, మనుష్యుడు వ్రాసికొన్నట్లు గ్రహింపవలెను. ఇది న్యాయమైన పక్షము. ఎవరి పేరును దీనిచే వికృతము కాదు. అయితే ఒక వ్యవస్థ భాగముల నడిగినపుడు ఈ పక్షము మూగబోవును. పాస్‌పోర్టును యంత్రము చదువు పంక్తిలో పేరు రెండు ఖండములుగా నుండవలెను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన 9303 సంఖ్య గల పత్రమున వాటికి వంశనామము, వ్యక్తినామము అని పేరిడక ప్రథమ పరిచాయకము, ద్వితీయ పరిచాయకము అని పేరిడెను. ఆ సంస్థ లోకమందలి నామరీతుల వైవిధ్యమును గుర్తించినదనుటకు ఇది నిదర్శనము. అయినను ఖండించు చోటు నిర్ణయింపక తప్పదు. ముందుగా భాగములు తెలియనిచో ఆ ఖండనము యంత్రము చేయును. చివరి ఖాళీని చూచి అచ్చట నరుకును.

రెండవ పక్షము: పేరు సంయుక్తమే, అయితే దాని భాగములను స్థానముచే గాక జాతిచే చెప్పవలెను, భాగములతో పాటు పూర్ణరూపమునుకూడ ఉంచవలెను. ఆ విధముగా నిర్వచించిన రూపము ననుసరించు సందేశ మిట్లుండును.

<నామము>
<పూర్ణరూపము>వరాహగిరి వేంకట గిరి</పూర్ణరూపము>
<భాగము జాతి="ఇంటిపేరు">వరాహగిరి</భాగము>
<భాగము జాతి="వ్యక్తినామము">వేంకట గిరి</భాగము>
</నామము>

ఇందు పూర్ణరూపము తప్పనిసరి, ఒకేసారి రావలెను. భాగము సున్న నుండి ఎన్నియైనను రావచ్చును. జాతి యను గుణమునకు ఇంటిపేరు, వ్యక్తినామము, తండ్రిపేరు, పొడి అక్షరము మొదలగు విలువలు. ఇంటిపేరు లేనివాడు ఆ భాగమును వదలివేయును. లేని ఇంటిపేరును సృష్టింపనక్కరలేదు. పొడి అక్షరము దేనికి గుర్తో తెలిసినచో దానినిగూడ చెప్పవచ్చును. అక్షరములు మాత్రమే యున్న అంశమునకు ఒక గుణము చేర్చినంతనే అది స్కీమా దృష్టిలో సంయుక్తమగును. దీనికి సింపుల్ కంటెంట్ అను ప్రత్యేక నిర్మాణము కలదు. శాస్త్రములో ఉపాయ మున్నది; నిర్వచించువాడు దానిని వెదకలేదు.

సంస్కృత సమాసముతో పోల్చిన ఈ భేదము స్పష్టమగును. సమాసమునకు విగ్రహవాక్యము చెప్పనిచో అది తత్పురుషమో బహువ్రీహియో తేలదు. భాగముల జాతిని చెప్పని పేరు విగ్రహము లేని సమాసము. పూర్ణరూపమును వదలి భాగములను మాత్రమే ఉంచినదో, సమాసము పోయి విగ్రహమే మిగిలినట్లు. రెండును కావలెను. కావున రెండవ పక్షమే గ్రాహ్యము.

6. భాషను గూర్చిన అంశము

మిన్‌ఆకర్స్, మాక్స్‌ఆకర్స్ పరిమితులను వ్రాయక విడిచినచో స్కీమా రెంటిని ఒకటిగా గ్రహించును. అనగా ఆ అంశము తప్పక రావలెను, ఒకేసారి రావలెను. ఈ మౌనపు నియమము చేయు పని గొప్పది. భాష అను అంశమును ఏ పరిమితియు లేకుండ వ్రాసినవాడు, ప్రతి మనుష్యునకు భాష యొక్కటియే యని శాసించినవాడగును. అట్టి ఆలోచన అతనికి లేకపోవచ్చును. శాసనము మాత్రము అమలగును.

2011 జనాభా లెక్కలలో మాతృభాషతో పాటు, మనుష్యుడెరిగిన ఇతర భాషలు రెండింటి వరకు అడిగిరి. ఇది చక్కని సంయుక్త రూపము. మాతృభాష ఒక్కటి, ఇతర భాష సున్న నుండి రెండు. బళ్లారిలోని తెలుగింటి బిడ్డకు మాతృభాష తెలుగు, ఎరిగిన భాష కన్నడము అని చెప్పుట కిందు చోటున్నది. బోధనమాధ్యమము అను అంశమును దీనితో కలిపివేయకుండుటయు ముఖ్యము. బడిలో చదువు భాషను చూచి యింటి భాషను ఊహించు నిర్వచనమున ఆ బిడ్డ కన్నడిగుడగును, బరంపురపు బిడ్డ ఒడియా బిడ్డ యగును. 1956 నాటి ఏడవ సవరణముచే రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము భాషాల్పసంఖ్యాక వర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. లెక్కలో కనబడని బిడ్డలకొరకు ఆ సౌకర్యమును అడుగుట యెట్లు? గడి లేమి హక్కు లేమిగా మారు చోటు ఇది.

విలువలను ముందుగానే జాబితాగా వ్రాయు ఎన్యుమరేషన్ అను పద్ధతి మరియొక సూక్ష్మమైన చిక్కు. జాబితాలో తెలుగు లేనిచో, తెలుగని వ్రాసిన సందేశమంతయు తిరస్కరింపబడును. దానిని పంపుటకై గుమాస్తా జాబితాలో నున్న మరియొక భాషను గుర్తించును. తిరస్కారము కంటె ఈ దిద్దుబాటు హానికరము. తప్పు సత్యముగా నమోదగును. జాబితాను సేవ బయట ఉంచి, ఇక్కడ సంకేతమును మాత్రము గ్రహించుట మేలు.

శూన్యమును గూర్చియు చెప్పవలసినది కలదు. అంశము అసలు రాకుండుట, ఖాళీగా వచ్చుట, నిల్ అను గుర్తుతో వచ్చుట అని స్కీమాలో శూన్యములు మూడు. అడుగలేదు, చెప్పలేదు, లేదు అను మూడర్థములకు వీటిని వేరువేరుగా వాడవచ్చును. వర్ణనలో ఏ శూన్యమున కేది అర్థమో వ్రాయనిచో ఒక సంస్థ అడుగలేదన్నది మరియొక సంస్థకు లేదని వినబడును.

భాషకును లిపికిని భేదమును పాటించుట స్థిరపడిన తెలుగువారి విషయమున మరియు ముఖ్యము. తెలుగు మాటను ఒడియా లిపిలోనో, తమిళ లిపిలోనో వ్రాసికొనువారు కలరు. వారి భాష తెలుగే. భాషను గుర్తించు అంతర్జాతీయ సంకేతములలో భాషాసంకేతము వెనుక లిపిసంకేతమును చేర్చు వెసులుబాటు కలదు. ఎక్స్.ఎమ్.ఎల్. లోని భాషాగుణము ఈ సంకేతములనే గ్రహించును. పూర్ణరూపమునకు ఆ గుణమును చేర్చి, అది పలుమారులు రావచ్చునని వ్రాసినచో ఒకే పేరును తెలుగు లిపిలోను, రాష్ట్ర లిపిలోను, రోమను లిపిలోను పక్కపక్కన నుంచవచ్చును.

7. అక్షరగణనము

సంయుక్తము లోపల నుండు సరళ రూపములకు పెట్టు పరిమితులలో రెండు మిక్కిలి పరిశీలింపదగినవి.

మొదటిది నిడివి. మాక్స్‌లెంగ్త్ 30 అని వ్రాసినచో స్కీమా ముప్పది సంకేతములను లెక్కించును గాని తెలుగు పాఠకుడెరిగిన అక్షరములను గాదు. కృష్ణమూర్తి యను పేరున అక్షరములు నాలుగు. యూనికోడ్ సంకేతములు పదునొకండు. స్త్రీ యన్నది ఒక్క అక్షరము, సంకేతములారు. ఇంతవరకు పెద్ద హాని లేదు. రోమను లిపిలోను ఆ పేరున కించుమించుగా అన్నియే పట్టును. హాని జరుగున దింకొక చోట. వర్ణన వెనుక నున్న భాండారము సంకేతములను గాక బైట్లను లెక్కించునదైనచో, యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. ముప్పది బైట్లలో పది సంకేతములే ఇముడును. కృష్ణమూర్తి అప్పుడు 'కృష్ణమూర్త' యగును. చివరి గుడి రాలిపోవును. వర్ణన ముప్పది యని మాట యిచ్చినది, భాండారము పదింటినే నిలుపుకొన్నది. తప్పును పట్టుకొనువారు లేరు. ఏలనన రెండుచోట్లను అంకె 30 యే.

రెండవది అచ్చు నమూనా, అనగా ప్యాటర్న్. రోమను అక్షరములను మాత్రమే అంగీకరించు నమూనా తెలుగును త్రోసివేయుట స్పష్టము. అంతకంటె వింతయైనది, ప్రపంచమందలి యే భాష యక్షరమైనను సరేయని ఉదారముగా వ్రాసిన నమూనా. యూనికోడ్ విభాగములలో 'అక్షరము' అను వర్గమున అచ్చులును హల్లులును కలవు. గుణింతపు గుర్తులును పొల్లును 'చిహ్నము' అను వేరు వర్గమునకు చెందినవి. కావున అక్షరవర్గమును మాత్రమే అంగీకరించు నమూనా 'కమల'ను స్వీకరించి 'సీత'ను నిరాకరించును. గుణింతము రాని తెలుగు తెలుగా? అక్షరముతో పాటు చిహ్నమునుకూడ చేర్చిన నమూనాయే సరియైనది. తెలుగు విభాగమును పేరుపెట్టి చెప్పుటయు స్కీమాలో సాధ్యమే. అయితే పేళ్ల నడుమ ఖాళీయు, పొడి అక్షరము వెనుకటి చుక్కయు, పొల్లును విడిగా నిలుపు అదృశ్య సంకేతమును ఆ విభాగమున లేవు. వాటిని ప్రత్యేకముగా చేర్చవలెను.

8. మార్పునకు వెల

వర్ణన వెలువడిన పిదప దానిని చదివి యంత్రములే ప్రోగ్రాములను పుట్టించును. ఒక్క అంశమును తప్పనిసరి చేసినను, క్రమమును మార్చినను పాత ప్రోగ్రాములన్నియు విరుగును. కావున సంస్థలు దోషము తెలిసికూడ దానినే మోయుచుండును. నామక్షేత్రమును మార్చి కొత్త పాఠమును వెలువరించుట, భవిష్యత్తునకై ఎనీ అను ఖాళీ చోటును ముందుగానే ఉంచుట అను ఉపాయములు కలవు. ముందుగా ఆలోచించినవానికే అవి ఉపకరించును.

నేడు కొత్త సేవలలో పెక్కు ఓపెన్ ఏపీఐ వర్ణనలతోను, జేసన్ స్కీమాతోను వెలువడుచున్నవి. పాత వ్యవస్థలలో డబ్ల్యు.ఎస్.డి.ఎల్. ఇంకను నడచుచున్నది. కొత్త పద్ధతిలో అంశములకు క్రమనియమము లేదు. స్కీమాలో అంశము సహజముగా తప్పనిసరి, ఇందు సహజముగా ఐచ్ఛికము. సీక్వెన్సు వలని బాధలు తీరినవి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ మాత్రము అట్లే వచ్చి కూర్చున్నవి. జాతిని విడిచి స్థానమును పట్టుకొనుట, భాష యొక్కటియే యనుకొనుట, గుణింతమును మరచుట, ఇవి పనిముట్టు మారినంత మాత్రమున మారునవి కావు. అవి నిర్వచించువాని ఊహలోని లోపములు.

9. ఉపసంహారము

స్కీమాకు దోషములు లేకపోలేదు. ముందు చూపు లేదు, విస్తరణము వెనుకనే. అయినను స్థిరపడిన తెలుగు కుటుంబముల పేళ్లను, భాషలను నష్టము లేకుండ గ్రహించుటకు కావలసిన శక్తి దానికి కలదు. ఆ శక్తిని వాడని నిర్వచనములే నష్టమునకు మూలము. వాటిని వ్రాయువారు దుర్మార్గులు కారు. వారి కన్నుల యెదుట నున్న మనుష్యుడు ఒకే భాషవాడు, వెనుక వంశనామము గలవాడు. మరియొక విధమైన మనుష్యుడున్నాడని చెప్పవలసినవారు ఆ మనుష్యులే.

సమాజములు సాధారణముగా పత్రము చేతికి వచ్చిన పిమ్మట ఆక్షేపించును. అప్పటికి వర్ణన స్థిరపడియుండును. ముసాయిదా దశలోనే నాలుగు ప్రశ్నల నడుగుట మేలు. పేరు పూర్ణరూపమున నిలుచునా? దాని భాగములు జాతిచే చెప్పబడినవా? భాష, బోధనమాధ్యమము, లిపి వేరువేరు అంశములుగా నున్నవా, ఒకటికి మించి చెప్పుటకు వీలున్నదా? గుణింతముతో గూడిన తెలుగు పేరు చివరివరకు చెడకుండ పోవునా? ఈ ప్రశ్నలకు యంత్రశాస్త్ర పాండిత్యమక్కరలేదు. తన పేరు తనకు తెలిసినవాడెవడైనను అడుగవచ్చును. సమాధానము లేదని వచ్చినచో, మార్చుటకు అదియే తగిన కాలము.